'ఎంత?' నుంచి 'ఎంతైతే'కి: బడిపుస్తకంలో బీజాక్షరం

మన రాష్ట్రంలో ఎక్కువమంది చదివే తెలుగు వచనం ఏది? నవల కాదు, కథానిక కాదు, దినపత్రిక సంపాదకీయం అసలే కాదు. బడిపుస్తకం. ఏటా లక్షలాది పిల్లలు దాన్ని చదువుతారు, అప్పజెబుతారు, అప్పజెప్పలేనివాళ్లు మార్కులు పోగొట్టుకుంటారు. అయిదువందల ప్రతులు అచ్చయిన కవితాసంపుటికి నాలుగు సమీక్షలు రాసే మనం ఈ పుస్తకాన్ని విమర్శకు తీసుకున్నది బహు తక్కువ. తీసుకున్నప్పుడు కూడా తెలుగు వాచకం దగ్గరే ఆగిపోయాం. ఏ కవిని చేర్చారు, ఎవరిని తీసేశారు అన్నదే మన తగాదా. లెక్కల పుస్తకం కూడా వచనమేననీ, దానికీ ఒక వస్తువూ ఒక శిల్పమూ ఒక దృక్పథమూ వుంటాయనీ మనకు తట్టలేదు.

నేను ముప్పయ్యేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి. అనకాపల్లి చుట్టుపక్కల జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే నా ఉద్యోగమంతా గడిచింది. లెక్కలు పగటి వృత్తి, సాహిత్యం సాయంకాలపు వ్యాపకం. రెంటికీ మధ్య గోడ వుందనే చాలాకాలం అనుకున్నాను. ఆ గోడ ఎక్కడ కూలిందో చెప్పడానికే ఈ వ్యాసం. చర్చించదలచుకున్న ప్రశ్న ఒకటే: ఆరో తరగతికీ ఎనిమిదో తరగతికీ మధ్య పిల్లలకి బీజగణితాన్ని ఏ పుస్తకం, ఏ దారిలో పరిచయం చేసిందన్నది వాళ్ల తర్వాతి చదువుని ఎంతవరకు నిర్ణయిస్తుంది? లెక్కలంటే భయపడే సాహిత్య విద్యార్థులు పేజీ తిప్పేయనక్కర్లేదు. కూడికా గుణకారమూ వస్తే చాలు.

1990లలో ఒక ఏడాది, సంక్రాంతి వెళ్లిన రోజులు. చెరకు నరుకుళ్లు సాగుతున్నాయి, గానుగలు ఆడుతున్నాయి. అంచేత ఏడో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్లనైనా నిలబెట్టుకుందామని పుస్తకం మూసి బెల్లం లెక్క ఒకటి అడిగాను. "అనకాపల్లి మార్కెట్టుకి బండిమీద బెల్లం దిమ్మలు తోలుతున్నారు. బండి కిరాయి మూడువందలు. దిమ్మ దించినందుకు కూలి అయిదు రూపాయలు. మొత్తం ఖర్చెంత?" అంకెలు అప్పటికప్పుడు కల్పించినవి, అసలు రేట్లు కావు. "ఎన్ని దిమ్మలో చెప్పకుండా ఎలాగండీ?" అని ముందు బెంచీ కుర్రాడు నవ్వాడు. వాడిది న్యాయమైన ప్రశ్నే. వెనకనుంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్లది చెరకు సాగు ఇల్లు. "దిమ్మలెన్నయితే అన్నయిదులు మాస్టారూ, పైన బండికి మూడొందలు" అంది.

నాకు సంతోషం వేసింది. దిమ్మల సంఖ్యని 'ఎన్' అనుకుందాం అని, నల్లబల్లమీద 5ఎన్ + 300 అని రాశాను. నువ్వు చెప్పింది ఇదేనమ్మా అన్నాను. ఆ అమ్మాయి బల్లకేసి అనుమానంగా చూసింది.

వారం తర్వాత పరీక్షలో అలాంటిదే ఇంకో లెక్క ఇచ్చాను. ఆ పాత లెక్కే మళ్లీ వచ్చిందనుకుందో ఏమో, 305ఎన్ అని జవాబు రాసింది. దానికింద, ఎవరూ అడక్కుండానే, తన మొదటి వాక్యాన్ని మాటల్లో రాసింది. నేను రెంటినీ ఎర్రసిరాతో కొట్టేశాను. మొదటిది తప్పు గనక, రెండోది గుర్తుల్లో లేదు గనక. సున్నా వేశాను. ఆ సున్నా ఎవరికి చెందవలసిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అయిదు, మూడువందలు కలిసి 305 ఎందుకయ్యాయి? ఇది ఒక పల్లెటూరి పిల్ల తెలివితక్కువతనం కాదు. ప్రపంచంలో బీజగణితం మొదలుపెట్టిన పిల్లలు ఎక్కడైనా చేసే పనే. ఒకటో తరగతినుంచి కూడిక గుర్తు వాళ్లకొక ఆజ్ఞ: కలుపు. సమానం గుర్తు ఇంకో ఆజ్ఞ: ఫలితం చెప్పు. ఆరేళ్లపాటు ప్రతి లెక్కకీ చివర ఒకే ఒక అంకె మిగిలింది. ఏడో ఏట హఠాత్తుగా 5ఎన్ + 300 అని రాసి, ఇదే జవాబు, ఇంక కదపకూడదు అంటే పని సగంలో వదిలేసినట్టుంటుంది. బుద్ధిమంతురాలైన పిల్ల మిగిలిన పని పూర్తిచేస్తుంది. నోటితో చెప్పినప్పుడు మాత్రం అదే అమ్మాయి అయిదునీ మూడువందల్నీ కలపలేదు. కలపకూడదని ఆమెకు తెలుసు. మాటలో వున్న తెలివి అక్షరంలోకి ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు వెతకాలంటే, పుస్తకం ఆ అక్షరాన్ని ఆమెకు ఎవరని చెప్పి పరిచయం చేసిందో చూడాలి.

బడి బీజగణితంలో అక్షరానికి ముఖ్యంగా రెండు పాత్రలున్నాయి. మొదటిది దాక్కున్న సంఖ్య. 'ఒక సంఖ్యకి ఏడు కలిపితే పన్నెండు, ఆ సంఖ్య ఎంత?' అన్నప్పుడు ఎక్స్ అనేది అయిదే. అది ముందునుంచీ అయిదే, మనం కనిపెట్టేదాకా ముసుగులో వుంది. రెండోది మారే సంఖ్య. దిమ్మల లెక్కలో 'ఎన్' ఏదో ఒక అంకె కాదు, దాన్ని పట్టుకోవడం మన పనీ కాదు. అది పది కావచ్చు, నలభై కావచ్చు. అది మారినప్పుడల్లా ఖర్చు ఎలా మారుతుందో చెప్పడమే పని. తెలుగులో ఈ రెంటికీ తేడా ఒక ప్రత్యయంలో వుంది. మొదటిది 'ఎంత?' అని అడుగుతుంది. రెండోది 'ఎంతైతే అంత' అంటుంది.

ఎంత–అంత, ఎన్ని–అన్ని, ఎప్పుడు–అప్పుడు, ఎలా–అలా. వ్యాకరణం చదివిన మిత్రులకి ఈ జంటల గురించి నేను చెప్పనక్కర్లేదు. ఒక రాశి మారితే దానితోపాటు ఇంకోటి మారడాన్ని చెప్పడానికి మన భాషలో సిద్ధంగా వున్న కట్టు ఇది. అక్షరం రానివాళ్లు కూడా రోజుకి వందసార్లు వాడతారు. సంస్కృతంలో దీనికి సాటివచ్చే జంటనే మన పూర్వ గణితజ్ఞులు తెలియని రాశికి పేరుగా పెట్టారు: యావత్–తావత్. భాస్కరుడు 1150లో రాసిన బీజగణిత గ్రంథంలో మొదటి అవ్యక్తం పేరు యావత్తావత్. ఆ తర్వాతి అవ్యక్తాలకి రంగుల పేర్లు: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. వాటి మొదటి అక్షరాలు, యా, కా, నీ, ఇప్పటి ఎక్స్, వైలు చేసే పని చేసేవి. ఐరోపాలో వియెట్ 1591లో అక్షరాలను పద్ధతిగా వాడితే, ఎక్స్, వై, జడ్‌లను తెలియని రాశులకి కేటాయించే అలవాటు 1637లో డెకార్త్ పుస్తకంతో స్థిరపడింది. ఇది ప్రాచీన వైభవం చాటుకోవడానికి చెప్పడం లేదు. భాస్కరుడు యావత్తావత్తుని వాడింది చాలాచోట్ల దాక్కున్న సంఖ్యకే. అయినా ఆ మాట పుట్టుకలో రెండో పాత్ర, మారే సంఖ్య, నిద్రపోతూ వుంది. మా వెనకబెంచీ అమ్మాయి నోట అది మేలుకుంది.

నేను ఉద్యోగంలో చేరిననాటి పుస్తకం మొదటి పాత్రతో మొదలయ్యేది. కొన్ని నిర్వచనాలు, ఆపైన పదాలు, గుణకాలు, సజాతి విజాతి పదాలు, వాటి కూడికలూ తీసివేతలూ, చివర సమీకరణాలు. మారడం అనే ఊహ హైస్కూలు దాటబోయేముందు ఎక్కడో ప్రమేయాల పాఠంలో, అదీ సమితుల వేషంలో కనిపించేది. అప్పటికి చాలామంది పిల్లలు బీజగణితాన్ని వదిలేశారు. కొందరు బడినే వదిలేశారు.

అలా మొదలుపెట్టడంలో ఒక సౌకర్యం వుంది. చెప్పడం తేలిక, దిద్దడం తేలిక. నిర్వచనం అప్పజెప్పించవచ్చు, సూత్రం బట్టీ పట్టించవచ్చు. అక్షరం అంటే ఏమిటని అడిగితే మాలో చాలామంది ఒక అడ్డదారి తొక్కేవాళ్లం. 3అ + 2మా అంటే మూడు అరటిపళ్లు, రెండు మామిడిపళ్లు; అరటినీ మామిడినీ కలపలేం కదా, అంచేత విజాతి పదాల్ని కలపకూడదు. క్లాసు నవ్వుతుంది, సూత్రం గుర్తుంటుంది. కానీ ఇక్కడ జరిగిన మోసం చూడండి. అక్షరం సంఖ్యకి బదులు నిలబడవలసింది, పండుకి బదులు నిలబడింది. రాశి కావలసింది పొట్టిపేరు అయిపోయింది. పైగా 3అ × 2మా అన్న రోజున అరటిపండుని మామిడిపండుతో ఎలా గుణించాలో ఏ మాస్టారూ చెప్పలేడు.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో చూపించే ప్రసిద్ధమైన ప్రశ్న ఒకటుంది. 1980 ప్రాంతాల్లో అమెరికాలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు ఇంజనీరింగు మొదటి సంవత్సరం విద్యార్థులకి ఇచ్చారు. మన భాషలో చెప్పుకుంటే: ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపకులకి ఆరురెట్లు విద్యార్థులున్నారు, విద్యార్థుల సంఖ్య వి, అధ్యాపకుల సంఖ్య అ అనుకొని సమీకరణం రాయండి. మూడోవంతుకి పైగా తప్పు రాశారు. వాళ్లలో ఎక్కువమంది రాసింది 6వి = అ. పాఠకులు ఒక్క నిమిషం ఆగి తామేం రాసేవారో చూసుకోవచ్చు. సరైనది వి = 6అ. అధ్యాపకులు పదిమందైతే విద్యార్థులు అరవైమంది. 6వి అని రాసినవాడు 'ఆరుగురు విద్యార్థులు' అని చదువుకున్నాడు. వి అతనికి సంఖ్య కాదు, విద్యార్థి. అరటిపండు బీజగణితం ఇంజనీరింగు కాలేజీదాకా వెంటవచ్చింది. తెలుగు వాక్యంలో కూడా 'ఆరురెట్లు విద్యార్థులు' పక్కపక్కనే పడతాయి గనక, మాటల వరస చూసి గుర్తులు పేర్చేవాడు ఇక్కడా అదే గుంటలో పడతాడు.

అంతకు కొంచెం ముందు, 1970లలో, ఇంగ్లండులో కూషమన్ అనే పరిశోధకుడు పదమూడునుంచి పదిహేనేళ్ల పిల్లలు సుమారు మూడువేలమంది జవాబుల్ని పరిశీలించాడు. వాళ్లు అక్షరాన్ని ఎన్ని రకాలుగా చదువుతున్నారో వర్గీకరించాడు. కొందరు దానికి తోచిన విలువ వేసేస్తారు. కొందరు అసలు పట్టించుకోరు. కొందరు వస్తువుగా చూస్తారు. కొందరు దాక్కున్న ఒకే సంఖ్యగా చూస్తారు. మారే రాశిగా చూడగలిగినవాళ్లు బహు కొద్దిమంది. సాహిత్య విమర్శకి ఇదేమీ కొత్త సంగతి కాదు: ఒకే పాఠాన్ని వేర్వేరు పాఠకులు వేర్వేరుగా చదువుతారు. కానీ అక్కడ వేరుగా చదివితే వ్యాఖ్యానం, ఇక్కడ వేరుగా చదివితే తప్పు.

సరే, దారి మారిస్తే ఫలితం మారుతుందా? రెండు రకాల పుస్తకాలను పక్కపక్కన పెట్టి, ఏళ్లతరబడి పిల్లలవెంట నడిచి చూసిన పరిశోధనలు అరుదు. నాకు తెలిసినవాటిలో ముఖ్యమైనది అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయానికి చెందిన జిన్ఫా కాయ్, ఆయన సహచరులు 2005 తర్వాత చేసింది. ఒక నగరంలో పద్నాలుగు మిడిల్ స్కూళ్లు తీసుకున్నారు. ఏడింటిలో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంవాళ్లు తయారుచేసిన కొత్తరకం పుస్తకాలు, ఏడింటిలో మామూలు పుస్తకాలు. ఆరో తరగతినుంచి ఎనిమిదో తరగతి దాకా వెయ్యిమందికి పైగా పిల్లల్ని గమనించారు. కొత్త పుస్తకంలో అక్షరం మొదటే మారే రాశిగా వస్తుంది. అందులో ఒక పాఠం విరాళాల నడకది. ఒక దాత ఎంతదూరం నడిచినా పది డాలర్లు ఇస్తానంటాడు, ఇంకొకరు కిలోమీటరుకి రెండు డాలర్లు, మరొకరు ముందు అయిదు డాలర్లు, ఆపైన కిలోమీటరుకి అర డాలరు. ఎంత నడిస్తే ఎవరి విరాళం ఎక్కువ? పిల్లలు పట్టిక రాస్తారు, గీత గీస్తారు, చివర అక్షరంతో వాక్యం రాస్తారు. మూడో దాత లెక్క మా బెల్లం బండి లెక్కే. ముందు కొంత, ఆపైన ఎంతైతే అంత. రెండో రకం పుస్తకంలో అక్షరం ఖాళీగడిని నింపే గుర్తుగా వచ్చింది, సమీకరణాలు సూత్రాలతో సాధించారు.

మూడేళ్ల తర్వాత తేలిందేమిటంటే, పరిస్థితిని అర్థంచేసుకుని తమ ఆలోచనను రాసి చూపించే ప్రశ్నల్లో కొత్త పుస్తకం పిల్లలు ఎక్కువ ఎదిగారు. అందరూ భయపడిన చోట, అంటే మామూలు గణనల్లో, సమీకరణాలు సాధించడంలో, వాళ్లేమీ వెనకబడలేదు. ఈ రెండో సంగతిని నేను ఎక్కువ గౌరవిస్తాను. 'అర్థం, అర్థం అంటూ కూర్చుంటే పిల్లలకి లెక్క చెయ్యడం రాకుండా పోతుంది' అన్నది స్టాఫురూములో నేను ముప్పయ్యేళ్లు విన్న వాదన. కొన్నాళ్లు నేనూ చేసిన వాదన.

అయితే ఆ పరిశోధనని ఎత్తుకొచ్చి అనకాపల్లిలో నాటేస్తే మొలకెత్తుతుందని నేననడం లేదు. ఆ ఊళ్లో ఏ పుస్తకం కావాలో బడులు ఎంచుకున్నాయి. మన దగ్గర ఎంపిక ఎవరి చేతిలో వుంది?

మన పుస్తకాలు కూడా మారకపోలేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత, 2006లో వచ్చిన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారి ఆరో తరగతి పుస్తకంలో బీజగణితం అగ్గిపుల్లలతో మొదలైంది. అమీనా, సరిత అనే ఇద్దరు పిల్లలు రెండేసి పుల్లలతో ఎల్ ఆకారాలు పేరుస్తారు. ఆకారాలెన్నయితే దానికి రెట్టింపు పుల్లలు. ఆ 'ఎన్నయితే'కే ఎన్ అని పేరు. మన రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళిక చట్రం ననుసరించి 2012లో వచ్చిన ఆరో తరగతి పుస్తకం కూడా ఈ అగ్గిపుల్లల దారే పట్టింది. ఆ పుస్తకం చేతికొచ్చిన రోజున నాకు మా పాత అమ్మాయి వాక్యం గుర్తొచ్చింది. ప్రభుత్వం అచ్చువేసిన కాగితంమీద 'ఎంతైతే' కనిపించడం అదే మొదటిసారి.

కానీ తరగతిలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. పుస్తకం మారింది, ప్రశ్నపత్రం అంత త్వరగా మారలేదు. పుల్లలు పేర్చడానికి రెండు పీరియడ్లు పడితే దానికి వచ్చేది ఒక్క మార్కు. గైడ్లు ఆ పాఠాన్ని పిండి సూత్రాలుగా మార్చేశాయి: ఎల్ ఆకారానికి 2ఎన్, త్రిభుజానికి 3ఎన్, చతురస్రానికి 4ఎన్. పిల్లలు అవి బట్టీపట్టారు. పక్కపక్క చతురస్రాలు ఒక పుల్లని పంచుకుంటే ఎన్ని కావాలని అడిగితే మళ్లీ 4ఎన్ అన్నారు. ఒక పుల్లని ఇద్దరూ పంచుకున్న సంగతి సూత్రానికి తెలీదు. మంచి వస్తువు చెడ్డ రూపంలో పడితే ఏమవుతుందో మన అభ్యుదయ కవిత్వంలో కూడా చూసినవాళ్లమే గనక దీన్నిగురించి ఎక్కువ చెప్పను.

ఆ తర్వాత భాషా మాధ్యమం మారింది. ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతిదాకా ఇంగ్లీషు మాధ్యమమే అంటూ 2019 నవంబరులో ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అయినా ఇంగ్లీషు బోధన విస్తరించింది, 2020–21నుంచి ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెరిచిన పుస్తకంలో ఎడమపేజీ ఇంగ్లీషు, కుడిపేజీ తెలుగు. ఇది మంచి ఏర్పాటేనని మొదట అనుకున్నాను. ఇప్పుడు మా వీధి పిల్లలు సాయంత్రం నా దగ్గర కూర్చుని ఆ పుస్తకాలు చదువుతుంటే వింటున్నాను. ఎడమపేజీలో 'వేరియబుల్', కుడిపేజీలో 'చరరాశి'. ఎడమపేజీలో 'ఎక్స్‌ప్రెషన్', కుడిపేజీలో 'బీజీయ సమాసం'. అటు తెలీని మాటకి ఇటు తెలీని మాట అర్థం. వ్యవహార భాషకోసం గిడుగు రామమూర్తి పోరాడి నూరేళ్లు దాటింది. కథకుడు వ్యవహారంలోకి వచ్చాడు, పత్రికలవాడు వచ్చాడు, లెక్కల పుస్తకం మాత్రం వాక్యాన్ని మార్చి పదాల్ని మార్చలేదు. రెండు పేజీల్లోనూ పిల్ల మాట లేదు.

పారిభాషిక పదాలు అక్కర్లేదని నా వాదన కాదు. శాస్త్రానికి కచ్చితమైన మాటలు కావాలి. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన నాటినుంచీ ఆ కష్టం ఎవరో ఒకరు పడుతూనే వున్నారు. కానీ మాట ముందా, అనుభవం ముందా? 'సమాసం' అనగానే ఏడో తరగతి పిల్లకి తెలుగు పీరియడ్‌లోని ద్వంద్వ సమాసం గుర్తొస్తుంది. 'పదం' అంటే తెలుగులో మాట, ఇక్కడ 5ఎన్. 'పక్షాంతరం' మరీ విచిత్రమైనది. సమానం గుర్తుకి ఇవతలున్నది అవతలికి పోతే గుర్తు మారుతుందని చెబుతాం. ఎందుకు మారుతుందని ఒక కుర్రాడు అడిగితే ఇంకొకడు "పార్టీ మారితే జెండా మారదేటి?" అన్నాడు. క్లాసంతా నవ్వాం. ఆ కుర్రాడు పరిపాలన గురించి కొంత నేర్చుకున్నాడేమోగాని, సమీకరణం రెండువైపులా ఒకే సంఖ్యని తీసేస్తున్నామన్న సంగతి నేర్చుకోలేదు. పుస్తకంలో దానికి తక్కెడ బొమ్మ వుంటుంది. రెండు పళ్లేల తక్కెడని ఇప్పటి పిల్లలు ఎక్కడ చూస్తారు? మార్కెట్టులో ఎలక్ట్రానిక్ కాటా వచ్చి చాలాకాలమైంది. అందులో పళ్లెం ఒకటే, అంకె దానంతటదే వెలుగుతుంది. అంటే 'సమానం' మళ్లీ ఫలితం చెప్పే మీట అయిపోయింది.

ఇక ఎంపిక సంగతి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. ఈ ఒక్క పట్టణంలోనే ఏడో తరగతి పిల్లలు కనీసం మూడురకాల బీజగణితం చదువుతున్నారు. సర్కారు బడిలో ద్విభాషా పుస్తకం. కేంద్ర బోర్డు బడుల్లో కొత్త జాతీయ పుస్తకం. అందులో 2024 ఆరో తరగతి పుస్తకంనుంచి బీజగణితం పాఠాన్నే తీసేసి, అమరికలతోనూ సంఖ్యలాటలతోనూ నేల చదునుచేసి, అక్షరాన్ని 2025 ఏడో తరగతి పుస్తకంలో 'అక్షర–సంఖ్య' అన్న అర్థం వచ్చే పేరుతో తెచ్చారు. ఆ పేరు పెట్టినవారెవరోగాని అరటిపండు మోసాన్ని బాగా ఎరిగినవారు. అక్షరమంటే సంఖ్య అని పేరులోనే చెప్పేశారు. మూడోది, ఫీజు బాగా గుంజే ప్రయివేటు బడుల్లో ఆరోతరగతినుంచే ఐఐటీ పునాది అంటూ వేసే సొంత మెటీరియల్. అందులో వేగమే విలువ. ఆ పిల్లలు నా దగ్గరకొస్తే సమీకరణాన్ని నాలుగు సెకన్లలో తేలుస్తారు. బెల్లం బండి లెక్క మాటల్లో చెప్పి సమీకరణం మీరే రాయండి అంటే పెన్ను ఆగిపోతుంది. అంటే డబ్బుపెట్టి కొనుక్కున్నదీ 'ఎంత?' అన్న బీజగణితమే, కొంచెం వేగంగా. ఏది కొంటున్నారో తల్లిదండ్రులకి తెలీదు. గిరీశమూ వెంకటేశమూ మాట్లాడిన ఇంగ్లీషు విని పొంగిపోయిన ఇల్లు గురజాడ నాటకంలో వుంది. ఇప్పుడు ఇంగ్లీషు స్థానంలో 'ఫౌండేషన్' వచ్చింది.

'ఎంత?' పనికిరాదని కూడా నేననను. దాక్కున్న సంఖ్యను పట్టుకోవడంలో ఒక వేట ఆనందం వుంది, పిల్లలు దాన్ని ప్రేమిస్తారు. కానీ 'ఎంతైతే' ముందు వచ్చినవాళ్లకి 'ఎంత?' దానిలో ఒక భాగంగా దొరుకుతుంది. ఖర్చు 5ఎన్ + 300 అని తెలిసిన పిల్లని, ఖర్చు అయిదువందలైతే దిమ్మలెన్ని అని అడగండి. సమీకరణం ఆమె కళ్లముందే పుడుతుంది. దిమ్మలు నలభై. 'ఎంత?'తోనే మొదలుపెట్టినవాళ్లు రెండోదానికి చేరాలంటే నేర్చుకున్నదాన్ని వదులుకోవలసి వస్తుంది: ఎక్స్ అంటే ఒకే అంకె అన్న నమ్మకాన్ని. వదులుకోవడం నేర్చుకోవడంకన్నా కష్టం.

లెక్కకీ సాహిత్యానికీ మధ్య గోడ కూలిందన్నాను. అది 'యజ్ఞం' కథని మళ్లీ చదివినప్పుడు. 1948నుంచి 1979దాకా విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావుగారి కథ అది. ఆ కథకు వెన్నెముక ఒక అప్పు లెక్క. దాన్ని ఎన్నోసార్లు భూసంబంధాల కథగా చదివాను, పాఠంగా చెప్పాను. లెక్కల మాస్టారుగా చదివితే ఇంకోటి కనిపించింది. అప్పు తీసుకున్నవాడికి తెలిసిన ప్రశ్న 'ఎంత?' మాత్రమే: ఇవాళ్టికి ఎంతయింది? అప్పిచ్చినవాడికి తెలిసింది 'ఎన్నాళ్లయితే అంత'. వడ్డీ పెరిగే తీరు ఒకడి చేతిలో వుంటుంది, పెరిగిన మొత్తం ఇంకొకడి నెత్తిమీద వుంటుంది. మారే రాశిని చదవగలిగిన చదువు ఎవరికి అందాలన్నది లెక్కల పీరియడ్‌తో అయిపోయే ప్రశ్న కాదని అప్పుడు తట్టింది.

అందుకే ఈ విషయాన్ని రచయితల పత్రికకు తెచ్చాను. పాఠ్యపుస్తకాల సంఘాల్లో గణితజ్ఞులుంటారు, శిక్షణ కళాశాలల అధ్యాపకులుంటారు. తెలుగు వాచకం సంఘంలో కవులుంటారు. లెక్కల పుస్తకం సంఘంలో కథకుడు కూర్చుని 'ఈ వాక్యం ఏ పిల్లా మాట్లాడదు, ఎన్ని–అన్ని పెట్టి తిరగరాయండి' అని అనవలసిన అవసరం వుంది. ఉత్తరాంధ్ర పిల్ల ఎలా అంటుందో, తెలంగాణ పిల్ల, రాయలసీమ పిల్ల ఎలా అంటారో వినే చెవి గణితజ్ఞుడికంటె మీకు ఎక్కువ. మొదటి పేజీలో పిల్లలు చెప్పిన వాక్యం, రెండో పేజీలో దానికి పట్టిక, మూడో పేజీలో అక్షరం, ఆ తర్వాతే 'చరరాశి' అన్న పేరు. ఇంగ్లీషు పేజీ కూడా ఆ వరసలోనే రావచ్చు, నాకు అభ్యంతరం లేదు.

నేను సున్నా వేసిన అమ్మాయి పదో తరగతి లెక్కల పరీక్ష తప్పింది, మళ్లీ కట్టలేదు. కొన్నేళ్లకిందట బెల్లం మార్కెట్టు యార్డు దగ్గర కనిపించింది. భర్తతో కలిసి సరుకు తోలించే పని చేస్తోంది. నన్ను గుర్తుపట్టి "మాస్టారూ, టీ తాగుతారా" అంది. ఇప్పుడు బండి కాదు, వ్యాను. కిరాయి ఎంత, దింపుడు కూలి ఎంత అని అడిగాను. చెప్పింది. ఏ ఊరినుంచి ఎన్ని దిమ్మలైతే వ్యాను గిట్టుతుందో, ఎన్ని లోపైతే ఆటో మేలో కూడా చెప్పింది. రెండు సరళ సమీకరణాలు, వాటి ఖండన బిందువు. కాగితం అడగలేదు. వాళ్ల పాప ఏడో తరగతి చదువుతోందిట. "దానికి ఎక్స్‌లూ వైలూ రావట్లేదు మాస్టారూ, నా బుద్ధే వచ్చింది" అంది.